తీఱికవేళ: కడలి కావల కాఁపురము



గడచిన మాసమున అప్పడముల పిండిని గూర్చి వ్రాసి, ఈ మాసమున భారతమునుండి యొక కథను విచారింతుమని మాట యిచ్చి యుంటిమి. ఆ మాటను సగమే చెల్లింపఁగలుగుచున్నాము. భారతకథ నడుమ నొకచో వచ్చును గాని, తక్కిన దంతయు నొక పెండ్లి, ఒక ఫలాహారశాల, ఇడ్లీపిండి, రెండు వందల యేండ్ల నాఁటి యొక యావిరిస్నానశాల. నెల దినములనుండి మా యింట వీనిని గూర్చిన ప్రసంగమే గాని వేఱొకటి లేదు. కలము చేతఁబట్టిన నదియే వచ్చుచున్నది, మన్నింపవలెను.

మా చెల్లెలి కూఁతురు మా యొద్దనే యుండి రాజమహేంద్రవరమున చదువుకొన్నది. ఇంటిలో నందఱము దానిని చిన్నది యందుము. ఇప్పటికి ముప్పది యొకటవ యేఁడు నడచుచున్నను ఆ పేరు పోలేదు. ఇంతవఱకు పెండ్లి యేల కాలేదని యడుగువారికి మా చెల్లెలు బదులు చెప్పి చెప్పి యలసినది గనుక మేము మరలఁ జెప్పము. ఈ చిన్నది 2018లో మా వీథిమొగను ఒక కర్రీ పాయింటు తెఱచినది. పదునొకండు గంటలకు తలుపు తీసినచో రెండు గంటలకెల్ల గిన్నెలు బోర్లించుటయే. గుత్తివంకాయ, గోంగూరపప్పు, పనసపొట్టుకూర - ఆ పనసపొట్టుకూరకై పుష్కరాల రేవునుండి సయితము జనులు వచ్చెడివారు. 2020లో కరోనా వచ్చి వీథులన్నియు మూఁతపడఁగా ఆ యంగడియు మూఁతపడెను. అద్దె కాగితము, బ్యాంకి అప్పు, ఆహారపు లైసెన్సు, సమస్తమును దాని యన్న పేరిట నుండెను. ఆఁడపిల్ల బ్యాంకుల చుట్టును తిరుగ నేల యని నాఁడు మేమే యంటిమి. పొయ్యిలును శీతలపుఁ బెట్టెయు అమ్మఁగా వచ్చిన సొమ్ము అన్నగారి యప్పునకు జమయైనది. అప్పు అతనిదే గనుక నందుఁ దప్పు పట్టుటకు లేదు. రెండేండ్లు తెల్లవాఱుజామున నాలుగు గంటలకు లేచిన దాని చేతికి మాత్రము ఒక పొడుగు కాడ గరిట మిగిలినది. ఆ గరిట యిప్పటికిని మా వంటయింటి మేకునకు వ్రేలాడుచున్నది.

ఇఁక వరుని మాట. ఇతఁడు పండ్రెండేండ్లకుఁ బైగా ఇంగ్లండులోని లెస్టరు పట్టణమున కంప్యూటరు కొలువు చేసినవాఁడు. 2019లో తల్లి మంచము పట్టఁగా సెలవు పెట్టి మా యూరికి వచ్చి, ఆమె గతించు వఱకు ఎనిమిది మాసములు దగ్గఱనే యుండి సేవ చేసెను. ఇంట వండువారు లేరు. ప్రతిదినము చిన్నదాని కొట్టునకు వచ్చి రెండు పొట్లములు కొనుచుండెను: పనసపొట్టు తనకు, కారము లేని పొట్లకాయ పెరుగుపచ్చడి తల్లికి. ఆ రెండవ పొట్లమును చిన్నది యెవరికిని అమ్మక యెత్తి పెట్టెడిది. ఎనిమిది మాసములలోను వారిరువురు మాటలాడుకొన్నది "చిల్లర యున్నదా" యన్న మాట తప్ప వేఱొకటి లేదని రెండు పక్షములవారును ప్రమాణము చేసి చెప్పుచున్నారు. మా అత్తగారు మాత్రము నమ్మరు.

అతఁడు మరల లెస్టరు చేరెను. 2022లో కొలువు పోయెను. చేతనున్న కొలఁది సొమ్ముతో ఆదివారపు సంతలో ఇడ్లీ, దోసె యమ్ముదమని పూనుకొనఁగా, ఆ చలిలో పిండి పొంగదాయెను. మూఁడు దినములుంచినను ముద్దవలె నుండెనఁట. అప్పు డతనికి, తాను బట్టలు చుట్టి తెచ్చుకొన్న గుడ్డసంచి కంటఁబడినది. అది మన చిన్నదాని యంగడి సంచి. దానిమీఁద కొట్టు పేరును, టెలిఫోను సంఖ్యయు అచ్చు వేయించి యుండిరి. మూతపడిన యంగడికి రెండేండ్ల తరువాత నొక రాత్రి ఫోను వచ్చెను. "అమ్మా, మీ యొద్ద పొట్లకాయ పెరుగుపచ్చడి కొన్నవాఁడను. ఇచ్చట ఇడ్లీపిండి పొంగుట లేదు. ఏమి చేయవలెను?"

ఇంతకన్న రసహీనమైన ప్రణయసందేశమును మేము కావ్యములలో నెచ్చటను చదివి యెఱుఁగము. హంసను పంపిన దమయంతీనలుల కథ మాకు బాల్యమున మా తండ్రిగారు చెప్పినదే గాని, పొంగని పిండి దౌత్యము చేయుట యిదియే మొదలు. చిన్నది నిద్రకన్నులతోనే వైద్యము చెప్పినది. మినుములు కొంచె మెక్కువ వేయవలెను. గుప్పెఁడు మెంతులు వానితో నానఁబెట్టవలెను. రుబ్బునపుడు పిడికెఁడు అటుకులు కలుపవలెను. గరిటెతోఁ గాక చేతితోఁ గలుపవలెను. తరువాత పిండిగిన్నెను రొట్టెలు కాల్చు నావెనులోఁ బెట్టి, నిప్పు వెలిగింపక, లోపలి దీపము మాత్రము వెలిగించి రాత్రి యంతయు నుంచవలెను. ఆ చిన్న దీపపు వెచ్చఁదనము చాలును. మఱునాఁడు "పొంగినది" యని యొక్క మాట వచ్చెను. అది మొదలు ప్రతిరాత్రియు పదునొకండు గంటలకు "పొంగినదా?" "పొంగినది" - ఇదియే వారి సంభాషణము. రెండేండ్లు పిండి పొంగిన పిమ్మట నిశ్చయతాంబూలము లైనవి.

అతఁ డిప్పుడు సంత విడిచి ఒక చిన్న గది యద్దెకుఁ దీసికొని యున్నాఁడు. నాలుగు బల్లలు, ఒక పొయ్యి. పెండ్లి కాఁగానే చిన్నదియు వెళ్లి ఆ ఫలాహారశాలను నడపవలెనని యేర్పాటు. మా చెల్లెలికి మాత్రము నిద్ర పట్టుట లేదు. "అక్కయ్యా, ఇచ్చట నొకసారి మునిఁగినది. మరల సముద్రము దాఁటి మునుఁగుటకా?" యని కన్నీరు పెట్టుకొనెను. అది చూచి మావారు, చరిత్రోపాధ్యాయులు గనుక, చరిత్రయే మందని తలంచి, యా సాయంకాలము అందఱిని వసారాలోఁ గూర్చుండఁబెట్టి షేక్ దీన్ మహమ్మదు కథ నెత్తుకొనిరి. సోదరీమణులకు దానిని కొంత విపులముగనే వినిపింపఁ దలఁచితిమి, వినఁదగిన కథ.

ఈ దీన్ మహమ్మదు 1759లో పాట్నాలో పుట్టినవాఁడు. తండ్రి కుంపిణీ సైన్యములో నుండి యుద్ధమున మరణింపఁగా, బాలుఁడు బేకరను నొక ఐరిషు దొర వెంట సైన్యమునఁ జేరి పెరిగెను. ఆ దొర స్వదేశమునకు మరలునపుడు ఇతఁడును ఓడ యెక్కి 1784లో ఐర్లండునందలి కార్కు పట్టణమున దిగెను. అప్పటి కిరువదియైదేండ్లవాఁడు. ఇంగ్లీషు చదువను వ్రాయను నేర్చుకొమ్మని యచ్చట పాఠశాలకుఁ బంపిరి. ఆ పాఠశాలలోనే జేన్ డేలీ యను కన్య చదువుచుండెను. 1786లో వీరిరువురును ఊరు విడిచి పోయి, వేఱొక చోటఁ బెండ్లియాడి, తిరిగి కార్కునకే వచ్చి కాఁపురము పెట్టిరి. 1799లో అబూ తాలిబ్ ఖాన్ అను లక్నో పండితుఁ డొకఁడు ఐర్లండునకుఁ బోయి యీ దంపతుల సంగతి విని, ఆమె సౌందర్యవతి యనియు, మంచి కుటుంబమునఁ బుట్టినదనియు, పిల్లలు ముద్దులొలుకుచున్నారనియు తన పారసీక యాత్రాగ్రంథమున వ్రాసికొనెను.

"పాఠశాలలో" అన్న మాటయొద్ద మావారు కొంత తడఁబడిరి. ఉపాధ్యాయులు గదా! "ఆ పంతులుగారు ఏమి చేయుచుండిరో" యని మా అత్తగా రడిగిరి. మేము నవ్వు నాఁపుకొనలేకపోతిమి.

1794లో ఇతఁడు తన దేశసంచారమును ఉత్తరముల రూపమున రెండు సంపుటములుగా అచ్చు వేయించెను. భారతీయుఁ డింగ్లీషున వ్రాసి ప్రకటించిన మొదటి గ్రంథ మదియే. దానికి ముందుగానే చందాదారులను కూడఁగట్టుకొనెననఁగా వ్యాపారబుద్ధి అప్పటినుండియు నున్నదన్నమాట. పిమ్మట లండను చేరి, బేసిల్ కాక్రేనను ప్రభువు యొద్దఁ గొలువు చేసెను. ఈ కాక్రేను మన చెన్నపట్టణమున నౌకాదళమునకు సరఫరాలు చేసి ధన మార్జించినవాఁడు; పోర్ట్‌మను స్క్వేరునందలి తన భవనములో ఆవిరిస్నానము పెట్టించి యుండెను. ఆ పేటలోనే జార్జి వీథిలో 1810లో దీన్ మహమ్మదు తన హిందూస్తానీ కాఫీ హౌసును తెఱచెను. పేరు కాఫీదే గాని, అందు ముఖ్యము కూరలును హుక్కాయును. వెదురు కుర్చీలు, గోడలకు హిందూదేశపు చిత్రములు. భారతీయుఁడు లండనులోఁ బెట్టిన మొదటి భోజనశాల యిదియే యని నేఁటివారు లెక్కింతురు. 2005లో అచ్చట నొక ఫలకమును గూడ నెత్తిరి.

అది రెండేండ్లకెల్ల దివాలా యెత్తినది. కారణము వినుఁడు. ఆ పేటలో హిందూదేశమునుండి మరలిన కుంపిణీ దొర లనేకులు గలరు. వారే తన బేరములని యతని యాశ. కాని యా దొరలు తమతో వంటవాండ్రను గూడఁ దెచ్చుకొనిరి. ఇంటిలోఁ గూర వండువాఁ డుండఁగా వీథిలోఁ గొనువాఁ డెవఁడు? ఈ మాట వినఁగానే చిన్నది తల యూఁచినది. "అవును పెదనాన్నా, మన వీథిలోను అంతే. అత్తలున్న యిండ్లవారు నా యొద్దఁ గూర కొనలేదు" అన్నది. అత్తగారికి ఆ మాట యెంత రుచించినదో చెప్పలేము.

1813లో నితఁడు వార్తాపత్రికలో ప్రకటన వేసికొనెను: ఎవరేని దొరగారి యింట బట్లరు కొలువు కావలెనని, అంగడి బేరములును వంటయింటి నిర్వాహమును దనకుఁ దెలియునని. అప్పటి కతనికి ఏఁబదినాలుగేండ్లు. తన పేరిట భోజనశాల నడపినవాఁడు మరల నొకరి యింట కొలువు వెదకుకొనుట యెట్లుండునో చిన్నదానికిఁ దెలియును. అది యప్పుడు గరిట వైపు చూచుట మేము చూచితిమి.

కాని కథ యచ్చట నాఁగలేదు. 1814లో దంపతులు బ్రైటను అను సముద్రతీరపట్టణము చేరిరి. అది రాజకుటుంబమువారును ధనికులును ఆరోగ్యమునకై వచ్చెడి చోటు. అచ్చట వీరు స్నానశాల నారంభించిరి. రోగిని వేఁడియావిరితోఁ గూడిన ఫ్లానెలు గుడారములోఁ గూర్చుండఁబెట్టెదరు. ఆ గుడారమునకుఁ జొక్కాచేతులవంటి గొట్టము లుండును. ఒడలు పిసుకువాఁడు వెలుపలనుండి వానిలోనికిఁ జేతులు దూర్చి, రోగిని చూడకయే యొడలెల్ల మర్దించును. ఆ మర్దనమునకు అతఁడు పెట్టిన పేరు షాంపూ. హిందీలో "చాంపో" యనఁగా "ఒత్తుము, పిసుకుము" అని యర్థము. తల రుద్దుకొను ద్రవమునకు ఆ పేరు చాల తరువాత వచ్చినది. మన తలంటుపోఁతకు మఱచిన కుంకుడుకాయల చోట నిలిచిన సీసాకు, పాట్నా వాఁడొకఁడు కడలి కావలఁ గొనిపోయిన మాట పేరైనదని మాకును ఆ సాయంకాలము వఱకుఁ దెలియదు.

మొదట నెవ్వరును నమ్మలేదు. అతఁడు కొందఱకు ఊరకయే వైద్యము చేసెను. నయమైనవారు విడిచిపోయిన చంకకఱ్ఱలను వాకిటి గోడలకు వ్రేలాడఁదీసెను. ఇంతకన్న మంచి ప్రకటన యుండునా! 1821లో సముద్రమునకెదురుగా పెద్ద స్నానశాల వెలసెను. నాలుగవ జార్జి రాజును, తరువాత నాలుగవ విలియము రాజును అతనిని తమ యాస్థాన మర్దనవైద్యునిగా నియమించుకొనిరి. స్త్రీల స్నానశాల వేఱు. దాని యధికారము జేనమ్మగారిది. రాణివాసపుఁ బ్రభ్వీమణుల యొడలి నొప్పులన్నియు నామె చేతిమీఁదుగాఁ బోయినవే యన్నమాట. పురుషుఁడు చిత్రపటము వ్రాయించుకొనెను. ఆమె ఆవిరిలో నిలిచి పని చేసెను. ఈ చివరి వాక్యము మావారిది కాదు, మాది.

ఇచ్చట నొక వినోదము. వైద్యుఁడు వృద్ధుఁడైనచో గౌరవ మధికమని తలంచి కాఁబోలు, 1822లో తాను వ్రాసిన స్నానవైద్యగ్రంథములో దీన్ మహమ్మదు 1749లోఁ బుట్టితినని చెప్పుకొనెను! పదియేండ్లు దానంతట తానే పెంచుకొన్నాఁడు. ఆఁడువారు వయస్సు తగ్గించి చెప్పెదరని యెగతాళి చేయు పురుషులకు ఈ సంగతి వినిపింపుఁడు. 1851లో మరణించునప్పటి కతనికి తొంబదియొకటియో రెండో యుండును గాని, తన లెక్క ప్రకారము నూఱు దాఁటినవాఁడే.

"జేనమ్మగారో?" యని మా చెల్లెలడిగెను. ఆమె మొగమునఁ గొంత తేట వచ్చి యుండెను. "ఆమె యతనికి రెండు మాసములు ముందుగా, 1850లోఁ బోయినది. డెబ్బదియేండ్లు. ఇరువురును బ్రైటనులోనే," యని మావారు పుస్తకము మూయఁబోయిరి.

"పెదనాన్నా, ఆ లెక్క మరల నొకసారి చెప్పుఁడు," అన్నది చిన్నది.

"1850లో, డెబ్బదియేండ్లు."

"అట్లయినచో 1780లోఁ బుట్టినది. పెండ్లి 1786లో. ఆఱేండ్ల పిల్ల పాఠశాల నుండి యెట్లు లేచిపోయినది?"

వసారాలో నెవ్వరును మాటాడలేదు. మావారు ముప్పదియేఁడులుగా విద్యార్థులకు లెక్క తప్పినప్పుడు చూచు చూపుతోఁ దమ పుస్తకమునే చూచిరి. మఱునాఁడంతయు వారు కాలేజీ గ్రంథాలయమున వెదకి తెచ్చిన సంగతి యిది. లండనులో మేరిల్‌బోను దేవాలయపు పెండ్లి పుస్తకమున 1806వ సంవత్సరమున "విలియము మహమ్మదు"నకును జేన్ జెఫ్రీసు అను నామెకును వివాహమైనట్లు వ్రాసి యున్నది. 1780లోఁ బుట్టినది ఈమె. చాల కాలము చరిత్రకారులు ఇరువురు జేనులను ఒక్కతెగనే లెక్కించి, కార్కులో లేచిపోయిన కన్యయే బ్రైటనులో వృద్ధురాలై మరణించినదని చక్కని ప్రేమకథ చెప్పుచుండిరి. మొదటి యామె గతించిన పిమ్మట రెండవ పెండ్లి యైనదో, ఆమె యుండఁగనే యైనదో యని యిప్పుడు వారు తర్కించుచున్నారు.

"మఱి యా మొదటి జేనమ్మ యేమైనది?" యని చిన్నది యడిగెను. మావారు నోరు విప్పలేదు. పురుషుని పేరు పుస్తకముమీఁద, అంగడి తలుపుమీఁద, రాజపత్రముమీఁద, సమాధిమీఁద నుండఁగా, అతనికై యూరు విడిచి వచ్చిన ఆమె పేరు వేఱొక ఆమె పేరిలోఁ గలసిపోయి, నూటయేఁబదియేండ్ల తరువాతఁ గూడ ఎవరికిని కొఱఁత తోఁపలేదు. పేరొక్కటియే యగుట గూడ నామె దురదృష్టము.

మా చెల్లెలు మరల కన్నీరు పెట్టుకొనఁబోయెను గాని చిన్నది లేచి వెళ్లి గరిట నొకసారి తడిమి వచ్చి, "అమ్మా, నేను వెళ్లనని యనలేదు. ఈ రాత్రి పిండి మాట కాక వేఱొక మాట యడుగవలసి యున్నది," అన్నది.

ఏమి యడుగవలెనో మేము ముందే గ్రహించితిమి. ఆ దేశమున ఫలాహారశాల పెట్టువారు, ఆరంభమునకు 28 దినములు ముందుగా, ఆ యూరి కౌన్సిలునకుఁ దెలిపి నమోదు చేసికొనవలెను. దానికి రుసుము లేదు. తరువాత నధికారి వచ్చి వంటయింటిని పరీక్షించి సున్న మొదలు అయిదు వఱకు నంక మిచ్చును. ఇవియన్నియు వరుఁడు మునుపే చెప్పి యుండెను. అమ్మెడి వంటకములలో 14 విధముల పదార్థము లున్నచో వానిని కొనువారికిఁ దప్పక తెలుపవలెను. కొందఱ యొడలికి అవి పడవు. ఆ పదునాలుగింటిలో ఆవలు, నువ్వులు, వేరుసెనగలు, పాలు, గోధుమలు గలవు. అనఁగా ఆవపిండియు నువ్వులనూనెయుఁ గల మన ఆవకాయజాడికి రెండు హెచ్చరికలు వ్రాయవలెను. అంగళ్లలో దొరకు ఇంగువపొడిలోఁ దఱచు గోధుమపిండి కలియును గనుక సాంబారునకు మఱియొకటి. "ఆవకాయ తిని చచ్చినవాఁ డెవఁడే?" యని అత్తగారు రెండు దినములు కోపముతో నుండిరి. మేమును మొదట నవ్వితిమి గాని, వేరుసెనగ పడక ప్రాణము మీఁదికి వచ్చిన పిల్లవాఁడు మావారి పాఠశాలలోనే యొకఁ డున్నాఁడు; నవ్వుమాట కాదు.

ఇంతకును చిన్నదాని ప్రశ్న యేమనఁగా, ఆ నమోదుకాగితముమీఁద ఎవరి పే రున్నదని. అద్దె కాగితముమీఁద ఎవరి పేరు, బ్యాంకి లెక్క ఎవరి పేరిట నని.

"పెండ్లి కాకముందే యిట్టి మాట లడుగుట అశుభము, అబ్బాయి యేమనుకొనును?" అని మా చెల్లెలు చేతులు పట్టుకొన్నది. అప్పుడు మేము భారతము నెత్తవలసి వచ్చినది. నలుఁడు రాజ్యము పోఁగొట్టుకొని, రూపు మాఱి, బాహుకుఁడను పేరిట ఋతుపర్ణుని యొద్ద వంటలకును గుఱ్ఱములకును కొలువు కుదిరెను. కొత్త దేశమున కొత్త జీవనము. అతఁడు కుండినమునకు వచ్చినప్పుడు దమయంతి యేమి చేసినది? భర్తయే యని హృదయమునకుఁ దోఁచినను, పరుగెత్తి పోలేదు. కేశినిని పంపి మాటలాడించినది. అతఁ డెట్లు నిప్పు పుట్టించునో, నీ రెట్లు తెచ్చునో చూడ నియమించినది. అతఁడు వండిన మాంసమును తెప్పించి రుచి చూచినది. తన పిల్లలను ఎదుటికిఁ బంపి కన్నులు చెమ్మగిల్లునా యని కనిపెట్టినది. ఒకసారి యడవిలో విడిచిపోఁబడిన స్త్రీ గదా! ఆమె నెవ్వరు ననుమానపు మనిషి యనలేదు, పతివ్రతలలోనే యెన్నిరి. మన చిన్నది ఒక పేరు వ్రాయుమని యడిగినంతమాత్రాన మునిఁగినది లేదని మే మంటిమి. అత్తగారు "ఆ మాటయే నేనును అనఁబోవుచున్నాను" అనిరి. అత్తగారు మా పక్షమున నిలుచుట పదునెనిమిదేండ్లలో నిది రెండవసారి.

రాత్రి పదునొకండు గంటలకు ఫోను మ్రోగెను. మే మందఱము నిదురించినట్లు నటించితిమి. "పొంగినది" యని యటనుండి వచ్చినట్లున్నది. ఇటనుండి ప్రశ్న పోయెను. చాలసేపటికి బదులు రాలేదు. తరువాత చిన్నది తలుపు దగ్గఱగాఁ జేరవేసికొన్నది గనుక తక్కినది మాకు వినఁబడలేదు.

ఉదయమునఁ జెప్పినది. నమోదుకాగితము అప్పటికే పంపియున్నాఁడఁట, తన పేరొక్కటియే వ్రాసి. దురుద్దేశముతోఁ గాదు, వ్రాయునపుడు దాని పేరు తోఁపనే లేదఁట. "తోఁపనే లేదు" అన్న యా మాటయే చిన్నదానికి బాధ కలిగించినది. ఎగఁబ్రాకి యేమియు ననలేదు. "నా సంచి చూచి నన్ను పిలిచితిరి గదా, సంచిమీఁద నా పేరు లేదు, కొట్టు పేరే యున్నది. నా పేరు మీకు వ్రాయను వచ్చునా?" యని మాత్ర మడిగినదఁట. నాలుగు దినములు రాత్రి ఫోను రాలేదు. ఆ నాలుగు దినములు మా చెల్లెలు మాతో మాటాడలేదు; దమయంతి కథ చెప్పినది మేమే గదా. మేమును వెలుపలికి ధైర్యముగా నుంటిమి గాని, పోపులో రెండుసార్లు ఆవలు మాడ్చితిమి.

అయిదవ దినమునఁ గాగితముల నకళ్లు వచ్చినవి. భాగస్వామ్యపుఁ బత్రము, ఇరువురి పేర్లతో, సగము సగముగా. కౌన్సిలునకుఁ దిరిగి వ్రాసిన యర్జీ. అద్దె కాగితము మాత్రము ఏఁటి చివరఁ గాని మాఱదనియు, యజమాని యొప్పుకొన్నాఁడనియు. పేరులో నొక యక్షరము తప్పు వ్రాసినాఁడు. మావారు ఎఱ్ఱసిరా కలముతో దిద్ది తిరుగఁ బంపిరి. ఉపాధ్యాయులకుఁ జావు వచ్చినను ఆ యలవాటు పోదు.

ముహూర్తము మాఘమాసమున. ఇప్పుడు వివాదమెల్ల రుబ్బు యంత్రమును గూర్చి. ఆ దేశపు విద్యుత్తు మన విద్యుత్తువంటిదే గనుక యంత్రము తిరుగును. గోడలో గ్రుచ్చు చీలలు మాత్రము వేఱు, మూఁడును చదునైనవి. బరువు మాట వేఱు. మావారు దానిని విప్పి, రాళ్లను వేఱుగా, తొట్టిని వేఱుగా కాటాపైఁ బెట్టి తూఁచుచున్నారు. అత్తగారు ఆవకాయజాడి తీసివేసిన గాని రాళ్లు పట్టవనుట విని యలిగి కూర్చున్నారు. చిన్నది గరిటను మేకునుండి తీసి, పెట్టెలో చీరల నడుమఁ బెట్టినది.